ఖాళీగా తిరిగిరాని ట్రక్కు

అరవై దాటిన ప్రతి మగవాడికీ ప్రభుత్వం పింఛను బదులు ఒక రిమోట్ కంట్రోల్ మాన్‌స్టర్ ట్రక్కు ఇవ్వాలి. అదే, ఒళ్ళు చిన్నదిగా, చక్రాలు పెద్దవిగా ఉండే బొమ్మ లారీ. ఇది నా స్థిరమైన అభిప్రాయం. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసి రండి. నేను ఆగుతాను.

అయిందా? ఇక వినండి.

ట్రక్కు మీ ఇంటికొచ్చి మీ బీపీ ఎంతని అడగదు. "బాగున్నారా" అని అడిగి, మీరు జవాబు చెప్పేలోపు మీ టీవీ వైపు తిరగదు. అల్లుడి ప్రమోషన్ గురించి చెప్పదు. పోయిన మీ భార్య ఎంత మంచిదో మీకే వివరించదు! చార్జింగ్ పెడితే నడుస్తుంది, అయిపోతే ఆగుతుంది. మీ బంధువుల్లో ఈ సదుపాయం ఎవరికైనా ఉందా?

రుజువు కావాలంటారు. రుజువు హైదరాబాదు పాతబస్తీలో, మా హుస్సేనీ ఆలం గల్లీలోనే ఉంది. పేరు వైకుంఠం.

వైకుంఠానిది గిన్నెల మీద పేర్లు కొట్టే పని. బేగంబజార్‌లో ఒక స్టీలు సామాన్ల దుకాణం ముందు అరుగు మీద నలభై ఏళ్ళు కూర్చున్నాడు. మొదట చిన్న ఉలి, చిన్న సుత్తి. తర్వాత కరెంటు పెన్ను. మా గల్లీలో ఏ గిన్నె తిప్పి చూసినా అతని అక్షరాలే. తలకట్లు కొంచెం గర్వంగా ఉంటాయి. మనిషీ అంతే.

2006 వానాకాలంలో అతని భార్య రుక్మిణమ్మ చనిపోయింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా. పదకొండు ఇళ్ళ నుంచి పదకొండు గిన్నెలు ఆ మేడ మీది వాటాకి వెళ్ళాయి. పప్పు, చారు, పెరుగన్నం. వచ్చిన చుట్టాలు తిన్నారు, గిన్నెలు కడిగి బోర్లించారు, వెళ్ళిపోయారు. అసలు తంటా అక్కడ మొదలైంది.

ఇచ్చిన గిన్నెని ఖాళీగా తిప్పి పంపకూడదు. ఈ చట్టం రాజ్యాంగంలో లేదు. అందుకే అందరూ పాటిస్తారు.

చెంచాడు చక్కెర వేసి పంపొచ్చుగా అంటారు మీరు. వైకుంఠం దగ్గర అనకండి. రుక్మిణమ్మ ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఒక్క గిన్నెలోనూ చక్కెర వేసి పంపలేదు. చక్కెర వేయడమంటే "మీ గిన్నె మాకు అడ్డంగా ఉంది, తీసుకుపోండి" అని చెప్పడమేనని ఆవిడ సిద్ధాంతం. ఆవిడ పంపేది సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి, మందపాటి గిన్నె అడుగున చేత్తో అద్ది, వేలితో చిల్లులు పెట్టి, నూనె పోసి, సన్న సెగ మీద కాల్చేది. ఆవిడ తిప్పి పంపిన గిన్నె కోసమే మా వాళ్ళు ఆవిడకి గిన్నె పంపేవాళ్ళు.

వైకుంఠానికి పొయ్యి వెలిగించడం వచ్చు. ఆర్పడం వచ్చు. మధ్యలోది రాదు. ఒంటరి మగవాడి వంటగది సంగతి నాకెలా తెలుసని అడగకండి. తెలుసు.

నెల గడిచింది. గిన్నెలు గూట్లోనే ఉన్నాయి. రెండు నెలలకి సిగ్గేసింది. ఆరు నెలలకి సిగ్గు కాస్తా కోపమైంది, ఎందుకంటే సిగ్గుని ఎవరూ అంతకన్నా ఎక్కువ కాలం మొయ్యలేరు. ఎవరైనా ఎదురై గిన్నె అడుగుతారేమోనని వెనక సందు గుండా వెళ్ళి వెనక సందు గుండా వచ్చేవాడు. గల్లీ ఏమనుకుంది? "పెండ్లాం పోయినా పొగరు పోలే" అనుకుంది. అడిగితే బాగుండదని ఎవరూ అడగలేదు. చాలా మర్యాదస్థుల గల్లీ మాది. అతని వాటాకి పన్నెండు మెట్లు. ఎవరూ ఎక్కలేదు. నేను కింద నుంచే లెక్కపెట్టాను.

నాకూ అతనికీ మాటలు లేవు. నా కారణం వేరు. దాన్ని చివర్లో చెబుతాను. ప్రస్తుతం ఇది ట్రక్కు గురించిన వ్యాసం.

మరుసటి ఏడాది అక్టోబరులో వైకుంఠం రైస్ కుక్కర్ కొందామని బార్కస్ వెళ్ళాడు. అక్కడ అవద్ భాయ్ అనే ఆయన, తమ్ముడు జెద్దా నుంచి పంపే సామాన్లు అమ్ముతుంటాడు.

"కుక్కర్ నిన్ననే ఖతం అయింది అన్నా. ఇంకో చీజ్ ఉంది, చూస్తవా?" అన్నాడు అవద్ భాయ్.

"అన్నం వండుతదా?"

"వండదు."

"మరేం చేస్తది?"

"చూడు."

అవద్ భాయ్ రిమోట్ పట్టుకుని ట్రిగ్గర్ నొక్కాడు. నాలుగు నల్లటి చక్రాల బండి బల్ల కింద నుంచి బయటికి వచ్చింది. దుకాణం ముందు విడిచిన చెప్పుల గుట్ట ఎక్కి దిగింది. పక్కనున్న చాయ్ దుకాణం గడప ఎక్కి లోపలికి వెళ్ళింది. చాయ్ వాడి కాళ్ళ చుట్టూ తిరిగి, మళ్ళీ గడప దిగి వచ్చేసింది.

జనం చెప్పుల గుట్ట చూసి నవ్వారు. వైకుంఠం గడప చూశాడు. మనిషి పోకుండా, మొహం చూపించకుండా, ఒక వస్తువు ఇంకొకరి గడప దాకా వెళ్ళి రాగలదు! ఏడాదికి పైగా దేవుణ్ణి ఏం కోరుకోవాలో అతనికి తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

"ఏమన్న మోస్తదా?" అని అడిగాడు.

"ఏం మొయ్యాలె?"

"గిన్నె."

అవద్ భాయ్ ఇరవై ఏళ్ళుగా వ్యాపారం చేస్తున్నాడు. ఎందుకని గిరాకీని అడగడు. "బిగించెటోని చేతిల ఉంటది అన్నా," అన్నాడు.

అట్టపెట్టె ఇంటికి తెచ్చి విప్పితే లోపల ట్రక్కు లేదు. ట్రక్కు కాగలిగినవన్నీ ఉన్నాయి. నూట ఎనభై స్క్రూలు, బేరింగులు, వాషర్లు, ఆవగింజంత నట్లు, బొమ్మల పుస్తకం. వైకుంఠం నేల మీద చాప పరిచాడు. చిన్న వస్తువులు దొర్లిపోకుండా పెట్టుకోవడానికి ఏం దొరుకుతాయా అని చుట్టూ చూశాడు. గూట్లో పదకొండు గిన్నెలు కనిపించాయి.

కొమురమ్మ గిన్నెలో స్క్రూలు. హరిప్రియ స్టీలు డబ్బాలో నట్లు. గల్లీ మొత్తం అతని చాప చుట్టూ కొలువు తీరింది. ఒక్కరూ సలహా ఇవ్వలేదు. గల్లీ చరిత్రలో ఇదే మొదటిసారి!

తొమ్మిది రోజులు బిగించాడు. ఉలి పట్టిన చెయ్యి, స్క్రూడ్రైవర్ దానికి ఒక లెక్క కాదు. పదో రోజు బండిని కూరగాయల బుట్టలో పెట్టి తాడుతో గల్లీలోకి దించాడు. పిట్టగోడ దగ్గర నిలబడి, రిమోట్ ఏరియల్ బారుగా లాగి, ముందుకు నొక్కాడు. బండి వెనక్కి వెళ్ళింది. వెనక్కి నొక్కాడు. ముందుకు వచ్చింది. మోటారు వైర్లు తారుమారయ్యాయి. రెండు రోజులు దాని స్వభావమే అంతేమో అనుకుని అలాగే నడిపాడు. నలభై ఏళ్ళు సర్కారీ ఆఫీసుల గిన్నెలకి పేర్లు కొట్టినవాడికి అది వింతగా తోచలేదు.

వైర్లు మార్చాక ఇంకో సత్యం తెలిసింది. బండి మన నుంచి దూరంగా పోతున్నంతసేపు కుడి కుడే, ఎడమ ఎడమే. తిరిగి మన వైపు వస్తుంటే కుడి ఎడమవుతుంది. పోయేటప్పుడు తిన్నగా పోయి, వచ్చేటప్పుడు గోడకి గుద్దుకునేది. మనుషుల్లోనూ నేను ఇదే గమనించాను. కాకపోతే మనుషులకి రబ్బరు బంపర్ ఉండదు.

ఇక అప్‌గ్రేడ్లు! అయ్యా, అమ్మా, ఈ మాటలో ఉన్న సుఖం మీకు తెలియదు. పాత మనిషిని అప్‌గ్రేడ్ చెయ్యలేం. నేను ప్రయత్నించాను, నా మీదే. ట్రక్కుకి ఏ భాగం నచ్చకపోతే ఆ భాగం తీసి అవతల పెట్టొచ్చు.

మొదట షాక్ అబ్జార్బర్లు. వాటిలో పోసే నూనె సీసా పెట్టెలో కారిపోయింది. వైకుంఠం తలకి రాసుకునే కొబ్బరినూనె పోశాడు. నవంబరంతా బండి పల్లకీలా ఊగింది. డిసెంబరు చలి పడిన పొద్దున కొబ్బరినూనె గడ్డకట్టింది. ఆ రోజు బండి నాలుగు కర్రకాళ్ళ మీద గెంతుతూ గల్లీ దాటింది. బక్రీదు కోసం కట్టేసిన ఒక మేక దాన్ని చూసి తనలాంటిదే అనుకుని కొమ్ములు దించింది. మేక గెలిచింది. ముందు టైరు ఒకటి దాని నోట్లో ఉండిపోయింది. వైకుంఠం ఎండ వచ్చేదాకా ఆగి, నాలుగు షాకులూ విప్పి, టైలర్ దగ్గర కుట్టుమిషన్ నూనె తెచ్చి పోశాడు.

తర్వాత గేరు. బండి వీపు మీద ప్లాస్టిక్ డొప్ప తీసేసి రేకు పళ్ళెం బిగించాడు. గిన్నె నిండా నీళ్ళు పెట్టి నడిపాడు, చుక్క తొణక్కూడదు. మూడో గజంలో లోపల ప్లాస్టిక్ గేరు పళ్ళన్నీ ఊడాయి. బార్కస్ పరుగెత్తాడు. అవద్ భాయ్ జెద్దా నుంచి ఇనప గేరు తెప్పించాడు. ఇనప గేరుకి పాత మోటారు వేడెక్కింది. పెద్ద మోటారు వచ్చింది. పెద్ద మోటారుకి వెనక స్ప్రింగులు కుంగాయి. గట్టి స్ప్రింగులు వచ్చాయి.

"అన్నీ మార్చినవ్ అన్నా, బ్యాటరీ గూడ మార్చు. చిన్నది, గింత మోటార్‌కి దమ్ము చాలదు," అన్నాడు అవద్ భాయ్.

"నాకేమన్న బీదర్ పోవాలెనా? గల్లీ ఈ కొస నుంచి ఆ కొస. చాలు తియ్," అన్నాడు వైకుంఠం.

ఇంత తెలివైన మనిషి చేసిన ఒకే ఒక్క పొరపాటు ఇది. గుర్తుపెట్టుకోండి.

ఆ నెలలోనే ఒక పెళ్ళి బారాత్ గల్లీలోకి వచ్చింది. మర్ఫా డప్పులు మోగుతున్నాయి. నీళ్ళ గిన్నెతో సాధన చేస్తున్న ట్రక్కు ఊరేగింపు మధ్యలో ఇరుక్కుంది. పిట్టగోడ మీద నుంచి దాన్ని బయటికి తేవాలని వైకుంఠం కుడి, ఎడమ, ముందు, వెనక నొక్కాడు. కింద జనానికి అది నాట్యంలా కనిపించింది. చుట్టూ వలయం కట్టారు. డప్పు జోరందుకుంది. గుర్రం మీది పెళ్ళికొడుకు పెళ్ళికూతురి కన్నా ముందు ట్రక్కుని చూడడానికి మొహం మీది పూల సెహ్రా పక్కకి తీశాడు! పావుగంట ఆడింది బండి. చుక్క నీరు తొణకలేదు. ఆ మధ్యాహ్నం మిద్దె మీద ఒక మనిషి గట్టిగా నవ్వడం నేను విన్నాను. ఏడాదిన్నరగా వినని శబ్దం. ఎవరో అనుకున్నాను.

ఈ రెండు నెలలూ అతను ఒక పక్క సర్వపిండి కూడా కాలుస్తున్నాడు. మొదటిది మాడింది. పదోది ఒక పక్కే మాడింది. ఇరవయ్యోదాన్ని తినొచ్చు, పళ్ళుంటే.

జనవరిలో ఒక బుధవారం పొద్దున, స్క్రూలు ఖాళీ చేసి తోమిన కొమురమ్మ గిన్నెలో సర్వపిండి పెట్టి, మూత పెట్టి, తాడుతో బండికి కట్టి, బుట్టలో కిందికి దించాడు. కొమురమ్మది గల్లీ మొదటి ఇల్లు. డెబ్బై ఏళ్ళ మనిషి. ఆవిడ నోటికి మునిసిపాలిటీ వాళ్ళే భయపడతారు. ముందు ఆ గండం గడిస్తే మిగతాది తేలికని వైకుంఠం లెక్క.

బండి వెళ్ళింది. గడప ఎక్కింది. తలుపు మూసి ఉంది. హారన్ పెట్టించుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. బండి ముక్కుతో తలుపు తట్టాడు. ఒకసారి. రెండుసార్లు.

"ఎవలది?" అంటూ కొమురమ్మ తలుపు తీసింది. ఎదురుగా ఎవరూ లేరు. కిందికి చూసింది. గిన్నె మీద తన పేరు చూసింది. మూత తీసి, చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకుంది. నమిలింది. చాలాసేపు నమిలింది.

వైకుంఠం పిట్టగోడ వెనక గొంతుక్కూర్చున్నాడు. ఏరియల్ మాత్రం పైకి పొడుచుకుని ఉంది.

"వైకుంఠం, కనవడుతున్నవ్ తియ్," అంది కొమురమ్మ. "గిది సర్వపిండా, ఇంటి మీది పెంకనా?"

కొమురమ్మ ఇంకో ముక్క విరిచింది.

"ఉప్పు మంచిగనే పడ్డది. పిండిల జర నీళ్ళు ఎక్కువ పొయ్యాలె. రుక్మిణి నీకు ఏం నేర్పకుంటనే పోయింది."

ఏరియల్ కొంచెం వంగింది. వైకుంఠం బండిని వెనక్కి నొక్కాడు. చక్రాలు తిరిగాయి గానీ బండి కదల్లేదు. కొమురమ్మ దాని వెనక కాలు అడ్డం పెట్టింది.

"ఆగు. ఖాళీగ పంపుతనా? మంది నవ్వరా?"

లోపలికి వెళ్ళింది. సర్వపిండి తన పళ్ళెంలోకి తీసుకుంది. అదే గిన్నె కడిగి, పాలకూర పప్పు నింపి, మూత పెట్టి, బండికి కట్టింది. ముడి వైకుంఠం వేసిన ముడి కన్నా గట్టిది.

"ఇగ పో," అంది ట్రక్కుతో.

ఇదీ జరిగింది. ఏడాదిన్నర సిగ్గుపడి, మూడు నెలలు కష్టపడి, జెద్దా నుంచి గేరు తెప్పించి పంపిన గిన్నె పది నిమిషాల్లో నిండుగా వెనక్కి వచ్చింది. కొమురమ్మ గిన్నె మళ్ళీ అతని గూట్లోనే! ఇచ్చిన గిన్నె ఖాళీగా పోకూడదన్న చట్టం అతనికి తెలుసు. తెచ్చిన బండి కూడా ఖాళీగా పోకూడదన్న సంగతి ఆలోచించలేదు. మోటారు ఆలోచించాడు, స్ప్రింగులు ఆలోచించాడు, ఆడవాళ్ళని ఆలోచించలేదు.

రెండోది హరిప్రియ డబ్బా. ఆవిడా భర్త కృష్ణప్రసాదూ గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్ళు. డబ్బా అందిన అరగంటకి ఆవిడ వీధిలోకి వచ్చి మేడ వైపు చూసింది.

"బాబాయ్ గారూ, సర్వపిండిలో నట్టు వచ్చిందండీ."

ఏరియల్ పక్కన మెల్లగా ఒక తల లేచింది. "చిన్నదా? వెండి రంగుదా?"

"అవునండీ. ఈయన పంటి కింద పడింది."

"వెనక ఎడమ చక్రానిదమ్మా. దాని కోసం రెండు నెలల సంది దేవులాడుతున్న. పారెయ్యకు."

"పారెయ్యలేదండీ. కడిగి డబ్బాలో వేశాను, గోంగూర పచ్చడితో పంపుతున్నాను. చూసి తినండి."

పన్నెండు మెట్ల పైవాడికీ కింద గల్లీకీ మధ్య ఏడాదిన్నరలో జరిగిన మొదటి సంభాషణ ఒక నట్టు గురించి. ఏ పండగైనా, ఏ పరామర్శయినా ఈ పని చేసిందా? అందుకే చెబుతున్నాను, ట్రక్కు కొనండి!

నాలుగు రోజుల్లో పది గిన్నెలు వెళ్ళాయి, పదీ నిండి వచ్చాయి. వైకుంఠం వాటిని ఖాళీ చేయడానికి మూడు పూటలా తిన్నాడు. తిన్నాక మళ్ళీ సర్వపిండి కాల్చాడు. శనివారానికి జనం తలుపులు తెరిచి పెట్టుకుని బండి కోసం కూర్చున్నారు. కొమురమ్మ తన గడప దగ్గర ఇటుక ముక్కతో మెట్టు కట్టించింది, ఎక్కడానికి కష్టపడుతోందని. ఆవిడ కోడలి కోసం ఏనాడూ ఏమీ కట్టించలేదు.

మిగిలింది పదకొండో గిన్నె. గల్లీ చివరి ఇల్లు. నాది.

ఆదివారం పొద్దున నేను గుమ్మంలో పేపరు చదువుతున్నాను. చూడనట్టు కూర్చున్నాను. బండి వచ్చింది. కొంచెం నీరసంగా వచ్చింది. నాలుగు రోజులు పప్పులూ పచ్చళ్ళూ మోసిన బ్యాటరీ. నా గడపకి మూర దూరంలో మూలిగి, ఆగిపోయింది. మేడ మీద అతను నొక్కుతూనే ఉన్నాడు. ముందు చక్రాలు మాత్రం కుడికీ ఎడమకీ తల ఊపాయి.

బండి మీది గిన్నె నాకు ఇక్కడికే కనిపిస్తోంది. దాని మీద "బాలమ్మ" అని ఉంది. తలకట్లు కొంచెం గర్వంగా.

బాలమ్మ నా భార్య. రుక్మిణమ్మ పోయిన మూడో రోజు ఆ గిన్నె నిండా చారు పంపింది. అదే ఏడాది చలికాలంలో తనూ పోయింది. గల్లీలో అందరూ వచ్చారు. వైకుంఠం రాలేదు. పన్నెండు మెట్లు దిగి, నలభై గజాలు నడవలేదు. ఇది నా కారణం. నేను మర్చిపోయే రకం కాదు.

నేను లేవలేదు. గిన్నె అందుకోలేదు. రానీ, చూద్దాం అనుకున్నాను.

చాలాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు అయింది. గల్లీలో తలుపులన్నీ తెరిచే ఉన్నాయని చెప్పాను కదా. అందరూ చూస్తుండగా అతను నడిచి వచ్చాడు. రిమోట్ చేతిలోనే ఉంది. బండి పక్కన నిలబడ్డాడు.

"బ్యాటరీ అయిపోయింది," అన్నాడు.

"చూసిన," అన్నాను.

అతను వంగి బండి ముక్కుకి అంటిన దుమ్ము తుడిచాడు.

"ఆమె గిన్నె నా ఇంట్ల ఉండె," అన్నాడు. "దాన్ని ఖాళీగ పట్టుకొని ఆమె పీనుగ కాడికి ఎట్ల రావాలె? ఇడిసిపెట్టి ఎట్ల రావాలె?"

అంత తెలివితక్కువ కారణానికి జవాబు ఉండదు. క్షమించానా అంటారా? లేదు. ఒక సర్వపిండికి అంత రాదు. కానీ గిన్నె విప్పి లోపలికి తీసుకెళ్ళాను. సర్వపిండి తీశాను. గిన్నె కడిగాను. తిప్పి ఇవ్వడానికి ఏముందా అని వంటగదంతా వెతికాను. ఒక చెంచా వేసి తెచ్చి ఇచ్చాను.

అతను మూత తీసి చూశాడు. "చక్కెరనా?"

"గదే ఉంది."

"రుక్మిణి చూస్తే ఊకుంటదా?"

"రుక్మిణమ్మ లేదు. బాలమ్మ లేదు. కూసో. చాయ్ పెడుత, గిన్నెలకెల్లే చక్కెర ఏద్దాం."

కూర్చున్నాడు. చాయ్ నీళ్ళలా ఉంది. సర్వపిండి పెంకులా ఉంది. రెండూ కలిస్తే తినగలిగాం. గూట్లో రుక్మిణమ్మ గిన్నె ఒకటి నా దగ్గరా ఉండిపోయిందని అప్పుడే చూపించాను. అది కూడా అతను కొట్టిన పేరే.

అయ్యా, అమ్మా, ఏడాదిన్నర పాటు ఒక గల్లీ మొత్తం, నాతో సహా, తన గిన్నె తను అడగడానికి పన్నెండు మెట్లు ఎక్కలేకపోయింది. ఆ ఖాళీలోకి రెండు కిలోల ప్లాస్టిక్ జెద్దా నుంచి రావలసి వచ్చింది. కాబట్టి ప్రభుత్వానికి నా మనవి మార్చుకోవడం లేదు, చిన్న సవరణ చేస్తున్నాను అంతే. ట్రక్కులు ఇవ్వండి. మంచి మోటారు వేయండి. ఇనప గేర్లు, గట్టి స్ప్రింగులు, కావాలంటే హారన్ కూడా పెట్టండి. బ్యాటరీ మాత్రం చిన్నదే ఇవ్వండి. సరిగ్గా నలభై గజాలకి అయిపోవాలి.

అవద్ భాయ్ నిన్న పెద్ద బ్యాటరీ తెచ్చి వైకుంఠానికి ఇమ్మని నా దగ్గర పెట్టి వెళ్ళాడు. నేను ఇంకా ఇవ్వలేదు.